గంజిలో నా చెయ్యి

వంట నా ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్ళు బెంగళూరులో మహదేవపుర దగ్గర ఒక ఫ్యాక్టరీ క్యాంటీనులో వండాను. చేరినప్పుడు ఉల్లిగడ్డలు తరిగేవాణ్ణి, దిగినప్పుడు హెడ్ కుక్కును. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ లేదు. దాని చోట అద్దాల మేడలు లేచాయి, అందులో పనిచేసేవాళ్ళు అన్నం ఫోనులో తెప్పించుకుంటారట. నేను రాయబోయేది ఆ క్యాంటీను సంగతి కాదు. రిటైరయ్యాక జీతం లేకుండా చేసిన రెండో ఉద్యోగం సంగతి. జీతం తీసుకుని ముప్పై ఏళ్ళలో చేయని తప్పు, జీతం తీసుకోని చోట ఒక్క నిమిషంలో చేశాను. సేవ చేద్దామని సత్రాలకూ వంటశాలలకూ కొత్తగా వస్తున్న మీలాంటి పిల్లలు దీన్ని చదవాలని నా కోరిక. సేవ చేస్తే మనసు శుభ్రపడుతుందని మీరు అనుకుంటారు. నేనూ అలా అనుకునే వచ్చాను.

మా సత్రం బెంగళూరులో ఒక పెద్దాసుపత్రికి రెండు వీధుల అవతల ఉంది. ఒక ఆశ్రమం వాళ్ళు నడుపుతారు. క్యాన్సర్ వచ్చినవాళ్ళు ఆరేడు వారాలు రోజూ ఆసుపత్రికి వెళ్ళి యంత్రం కింద పడుకుని రావాలి. డాక్టర్లు దాన్ని రేడియేషన్ అంటారు, మావాళ్ళు కరెంటు పెట్టించుకోవడం అంటారు. అనంతపురం, కడప, చిత్తూరు వైపుల నుంచి వచ్చిన కూలివాళ్ళు అన్ని వారాలు ఈ ఊళ్ళో ఎక్కడుంటారు? అందుకే సత్రం. ఒక చాప, ఒక దుప్పటి, రెండు పూటలా తిండి. తోడు వచ్చినవాళ్ళకు అన్నం, సాంబారు. నోట్లోనో గొంతులోనో జబ్బు ఉన్నవాళ్ళకు గంజి. కరెంటు మూడో వారంలోకి వచ్చేసరికి వాళ్ళ నోరంతా పచ్చిపుండు అవుతుంది. మంచినీళ్ళు కూడా గుచ్చుకుంటాయి.

మా వంటశాలలో రెండు నియమాలు ఉన్నాయి. వండినది దేవుడికి నైవేద్యం పెట్టేదాకా ఎవరూ నాలుక మీద వేసుకోకూడదు. నైవేద్యం అయ్యాక వండినవాళ్ళు అందరికంటే ఆఖరున తినాలి. అంటే ఉప్పు సరిపోయిందో లేదో వండినవాడికి తెలిసేసరికి అందరి చేతులూ కడుక్కోవడం అయిపోయి ఉంటుంది. క్యాంటీనులో నేను పది నిమిషాలకోసారి అరచేతిలో వేసుకుని నాకి చూసేవాణ్ణి. ఆ అలవాటు మీద ముప్పై ఏళ్ళు బతికినవాడికి చేతులు కట్టేసినట్టయింది. చేరిన మొదటి వారంలో ఒకరోజు సాంబారు ఉప్పుకషాయం, మర్నాడు చప్పిడి.

నాకు రోషం ఎక్కువ. ఇంట్లో ఒక వారం పాటు రోజూ బిందెలో నీళ్ళు పోసి, పిడికిలితో ఉప్పు వేసి, కలిపి తాగి చూశాను. సగం పిడికిలికి ఎంత, ముప్పావుకు ఎంత, ఐదు వేళ్ళ చిటికెడుకు ఎంత అని. ఈయనకేదో అయిందని నా భార్య హొసకోటెలో ఉన్న వాళ్ళ తమ్ముడికి ఫోను చేసింది. అయితే ఆ తర్వాత ఆరేళ్ళు నా ఉప్పు తప్పలేదు. "రుచి చూడకుండా ఇంత సరిగ్గా ఎట్ల పడుతుందప్పా?" అని తోడు వచ్చినవాళ్ళు అడిగేవాళ్ళు. ఆ మాట వినడానికి వడ్డన అయిపోయాక కూడా గరిటె పట్టుకుని పంక్తి చివర ఊరికే నిలబడేవాణ్ణి. దేవుడి దయ అని పైకి అనేవాణ్ణి. లోపల మాత్రం దేవుణ్ణి లెక్కలోకి తీసుకునేవాణ్ణి కాదు.

అలా ఉండగా ఒకామె సేవకు వచ్చింది. దొడ్డబళ్ళాపురంలో మగ్గాల పని చేసే ఇంటి మనిషి. నాకంటే పదేళ్ళు చిన్నది. రెండేళ్ళ కింద ఆమె భర్తకు గొంతులో జబ్బు చేస్తే ఇద్దరూ మా సత్రంలోనే ఉన్నారట. ఊరికి వెళ్ళాక ఎనిమిది నెలలు సాకింది, ఆయన పోయాడు. తర్వాత ఈ ఊళ్ళో చెల్లెలి దగ్గరికి వచ్చేసి, మధ్యాహ్నాలు బట్టలు కుడుతూ, పొద్దున పూట సేవకు వస్తానని అడిగింది. నాకు ఆమె మొహం గానీ ఆమె భర్త మొహం గానీ గుర్తు లేదు. ఆమెకు మాత్రం నేను బాగా గుర్తున్నాను.

మొదటి రోజే, ఏ దురుద్దేశమూ లేకుండా, నవ్వుతూ అంది. "మీ సాంబారు నేను మూడు సార్లు పోయించుకుంటా ఉంటినప్పా. గంజి మాత్రం మా ఆయన తాగలేకపోతా ఉండె. మండుతుందని సైగ చేస్తా ఉండె."

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆరేళ్ళుగా గంజి గ్లాసులు సగం సగం మిగిలి వస్తూ ఉండేవి. జబ్బు మనుషులు కదా, తాగలేరు అనుకుని నేనే పారబోసేవాణ్ణి. మండుతుందేమో అని ఒక్కరోజు కూడా అడగలేదు. అడగలేదన్న సంగతి ఇప్పుడు ఇంకొకరు వచ్చి బయటపెట్టారు.

నెల తిరిగేలోపు గంజి ఆమె చేతికి వెళ్ళింది. ఆమె పద్ధతి వేరు. బియ్యాన్ని గుజ్జుగా ఉడికించి, పలచని గుడ్డలో రెండుసార్లు వడకట్టేది. కొంచెం వెన్న వేసేది. వేడి తగ్గేదాకా పక్కన పెట్టి, మణికట్టు లోపలి వైపు ఒక చుక్క వేసుకుని చూసి అప్పుడు పోసేది. ఉప్పు అయితే మూడు వేళ్ళతో ఒక చిటికెడు, అంతే, ముప్పై మంది గంజికి. అది ఉప్పు వేయడమా, ఉప్పుకు దణ్ణం పెట్టడమా అని నేను నవ్వుకున్నాను. పెద్ద గిన్నె ముందు ఎప్పుడూ నిలబడని మనిషి. గరిటె పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు, దోసె తిప్పినట్టు పట్టుకునేది.

గ్లాసులు ఖాళీగా రావడం మొదలైంది.

సత్రం మేనేజరు ముప్పై దాటని కుర్రాడు, ఏదో కంపెనీలో చేసి విసుగొచ్చి ఇక్కడికి వచ్చినవాడు. ఒకరోజు నా భుజం మీద చెయ్యి వేసి, "అంకుల్, పేషెంట్స్ అంతా అక్క గంజినే ప్రిఫర్ చేస్తున్నారు. వేస్టేజ్ ఆల్మోస్ట్ నిల్. సూపర్ కదా?" అన్నాడు. సూపరే అన్నాను. ఆ రోజు సాంబారులో ముక్కలు ఎందుకంత చితికిపోయాయని అడిగినవాళ్ళకు జవాబు ఇదే.

కుళ్ళు అనేది ఎలా ఉంటుందో పుస్తకాల్లో రాసినట్టు ఉండదు పిల్లలూ. పెద్ద పెద్ద పగలేమీ ఉండవు. చిల్లర పనులు ఉంటాయి. ఆమెకు కావలసిన గుడ్డను నేను తడిపి ఆరేసేవాణ్ణి, వెతుక్కోవాలని. ఆమె వచ్చేసరికి పెద్ద స్టవ్వు మీద నా గిన్నె ఉండేలా చూసుకునేవాణ్ణి. అందరూ ఆమెను అక్కా అని పిలిచేవాళ్ళు, నాకంటే పెద్దవాళ్ళు కూడా. నేను మాత్రం ఏమ్మా అనేవాణ్ణి, ఆ ఒక్క మాట దగ్గరైనా ఆమెను కింద పెట్టాలని. నన్ను ఆరేళ్ళుగా వంటాయన అనేవాళ్ళు. వంటాయన అనేది పని పేరు, అక్క అనేది చుట్టరికం. ఆ తేడా మీద బస్సులో ఇంటి దాకా ఆలోచించుకుంటూ వెళ్ళిన రోజులు ఉన్నాయి.

ఇంట్లో నా భార్య ఊరుకోదు కదా. "ఆ యమ్మ మాట ఎత్తకుండా ఒక్క పూట బువ్వ తిన్నావా నువ్వు? ఆ యమ్మ వెన్న ఎక్కువేస్తాది, ఆ యమ్మ గరిటె తిరగేస్తాది. పెళ్ళయిన కొత్తలో నన్ను గూడా ఇంత తల్చుకోలేదప్పా" అని ఎగతాళి చేసేది. నాకు ఒళ్ళు మండేది. నిజమే గనుక ఇంకా మండేది.

ఇప్పుడు ఇంకో మనిషి సంగతి చెప్పాలి. అనంతపురం వైపు నుంచి వచ్చిన సెంట్రింగ్ మేస్త్రీ. నలభై ఏళ్ళుంటాయి. ఈ ఊళ్ళో లేచిన మేడలకు ఇనుము కట్టి, చెక్కలు బిగించి పదిహేనేళ్ళు గడిపాడు. గుట్కా నోరు తినేసింది. భార్యను తోడు తెచ్చుకుని మా సత్రంలో దిగాడు. కరెంటు నాలుగో వారానికి మాట పోయింది, తిండి పోయింది. రెండు రోజులు నీళ్ళు కూడా దిగలేదు. ఆసుపత్రిలో డాక్టరు ఖచ్చితంగా చెప్పేశాడు. నోటితో తాగకపోతే ముక్కులోంచి పైపు వేయాలి, లేకపోతే కరెంటు ఆపేయాలి.

పైపు అంటే ఆ మేస్త్రీకి చావు. ఆయనతో పనిచేసిన ఒకతనికి పైపు వేశారట, వారం తిరక్కుండా పోయాడట. ఆ పైపు వల్ల పోలేదని ఎవరు చెప్పినా ఈయన వినడు. చెయ్యి ఊరివైపు చూపించి, సంచి చూపించి, పైపు వేస్తే వెళ్ళిపోతానని సైగ చేశాడు. మధ్యలో ఆపేస్తే నాలుగు వారాల వైద్యం మట్టిపాలు. భార్య సత్రం మెట్ల మీద కూర్చుని ఏడుస్తూ ఉండేది.

గంజి చేసే ఆమె వెళ్ళి ఆయన చాప పక్కన కూర్చుంది. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. "అన్నా, నా మాట విను. మా ఆయనకి ఎనిమిది నెల్లు నేనే తాపినా. నా చేతి గంజి మండదు. రేపు ఒక్క గ్లాసు తాగు. మండితే నా మొగం చూడొద్దు, ఆ సంచి నేనే ఎత్తుకోని బస్సెక్కిస్తా" అంది.

ఆయన చాలాసేపు ఆమెను చూసి తల ఊపాడు. గదిలో ఉన్నవాళ్ళంతా ఊపిరి పీల్చుకున్నారు. ఆయన భార్య ఆమె రెండు చేతులూ పట్టుకుంది. నాకు ఏమనిపించిందో దాచను. ఆరేళ్ళలో నా చేతిని అలా ఎవరూ పట్టుకోలేదే అనిపించింది.

మర్నాడు పదకొండు దాటింది. ఆమె గంజి వడకట్టి, చిటికెడు ఉప్పు వేసి, వెన్న తేవడానికి కొట్టుగదిలోకి వెళ్ళింది. గిన్నె నా ఎదుట ఉంది. ఇవాళ సత్రమంతా ఈ గంజి వైపే చూస్తుంది అనుకున్నాను. ఆమె వేసిన ఉప్పు చాలదు, ఆరేళ్ళు ఉప్పు వేసిన చెయ్యి నాది, నాకు తెలుసు. కొంచెం రుచిగా ఉంటే ఆయన రెండో గ్లాసు అడుగుతాడు. ఇవాళ గంజి ఎంత బాగుందక్కా అని అందరూ అంటారు. అప్పుడు నేను మెల్లగా, ఏదో పెద్ద విషయం కానట్టు, ఉప్పు నేను సరిచేశానులే అంటాను. ఆ మాట ఏ గొంతుతో అనాలో కూడా అనుకున్నాను. సగం పిడికిలి ఉప్పు తీసి గిన్నెలో వేసి, రెండు తిప్పులు తిప్పి, వచ్చి నా సాంబారు దగ్గర నిలబడ్డాను.

చెడు చేయాలని వేయలేదు. ఆ మాట చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. కానీ మంచి చేయాలని కూడా వేయలేదు. ఆ గిన్నెలో నా చెయ్యి ఉండాలని వేశాను.

గంట కొట్టారు. నైవేద్యం పెట్టారు. మొట్టమొదట ఆ గంజి దేవుడే తాగాడు, ఏమీ అనలేదు. తర్వాత ఆమె గ్లాసులో పోసుకుని, మణికట్టు మీద చుక్క వేసి చూసుకుని, మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళింది. వేడి మణికట్టుకు తెలుస్తుంది, ఉప్పు తెలియదు. చెంచాతో కాదు, గ్లాసుతోనే ఇచ్చింది, ఆయన ధైర్యం చేసి ఒక పెద్ద గుక్క తీసుకున్నాడు.

ఆ అరుపు నేను వంటశాలలోంచి విన్నాను. మాట పోయిన మనిషి అరుపు. వెళ్ళి చూసేసరికి గ్లాసు గోడకు తగిలి పడి ఉంది. ఆయన రెండు చేతులతో దవడలు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊగుతున్నాడు. ఎర్రటి ఉమ్మి చాప మీద పడింది. కొంచెం తేరుకున్నాక తలెత్తి ఆమెను చూశాడు. తిట్టినా బాగుండేది. నమ్మి మోసపోయినవాడు చూసే చూపు అది. తర్వాత గోడవైపు తిరిగి, చెయ్యి చాచి సంచి దగ్గరికి లాక్కున్నాడు.

మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే గ్లాసులు కింద పెట్టేశారు. మేనేజరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అక్కా, ఏమైంది? సాల్ట్ ఎక్కువైందా? ఎవరు వేశారు?"

నా నోటి దాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది.

"నేనే సార్" అంది ఆమె. "నేను గాక ఇంకెవురు ఏస్తారు? పరధ్యానంలో రెండు తూర్లు ఏసినట్టుండా." ఆమె తన కుడి చేతిని తిప్పి తిప్పి చూసుకుంటూ ఉంది.

ఆసుపత్రిలో కాగితాలు మర్నాడు పదింటికి గానీ ఇవ్వరు. అవి రాగానే వెళ్ళిపోతామని మేస్త్రీ భార్య చెప్పింది. అందరూ తినేశాక, నియమం ప్రకారం ఆఖరున నేను కూర్చున్నాను. మిగిలిన ఆ గంజినే ఒక గ్లాసు పోసుకుని తాగాను. మీకు నిజం చెప్పాలి. చాలా బాగుంది. ఉప్పు సరిగ్గా సరిపోయింది, ఒక గల్లు ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆరేళ్ళూ నేను నా నోటికే వండుతున్నానని ఆ గ్లాసు ముందు కూర్చున్నప్పుడు అర్థమైంది. అర్థమైనా లేచి వెళ్ళి ఎవరికీ చెప్పలేదు. చేతులు కడుక్కుని బస్సెక్కాను.

మర్నాడు పొద్దున వచ్చేసరికి ఆమె కుళాయి దగ్గర గిన్నెలు తోముతూ ఉంది. గంజి తనకు వద్దని, గిన్నెలు తోమే పని ఇమ్మని మేనేజరును అడిగిందట. గంజి మళ్ళీ నాదయింది. పెద్ద స్టవ్వు నాది, తెడ్డు నాది. నేను ఇన్నాళ్ళు కోరుకున్నది అదే. కుళాయి పక్కన బియ్యం కడుక్కుంటూ ఊరికే ఉండలేక అడిగాను, "ఏమ్మా, ఇంత చిన్నదానికే గంజి వదిలేస్తే ఎట్ల?" అని.

ఆమె తల ఎత్తలేదు. "చిన్నది గాదప్పా. నిన్నట్నుంచి ఒకటే ఆలోచన. మా ఆయనకి గూడా ఇట్లే ఏసి ఉంటానేమో. నాకు తెలీకుండానే. ఆయన నన్ను ఒక్క మాట అనే మనిషి గాదు. మండినా మింగి ఉంటాడేమో. ఎనిమిది నెల్లు నేను తాపిందంతా మంటేనేమో" అంది. అని మళ్ళీ గిన్నె తోమడం మొదలుపెట్టింది.

కుళ్ళుతో నేను మేస్త్రీ నోరు మండించాను, అది కనబడింది. చచ్చిపోయిన మనిషి తాగిన గంజిలో కూడా ఉప్పు పోశానని నాకు అప్పుడు తెలిసింది. అప్పుడైనా చెప్పాలి కదా. చెప్పలేదు. నేను ఎంత పిరికివాణ్ణో మీకు తెలియడానికి ఇది రాస్తున్నాను. మాట చెప్పే బదులు పని చేసి తప్పించుకుందాం అనుకున్నాను. ఆమె పద్ధతిలోనే రెండుసార్లు వడకట్టి, ఉప్పు అసలే వేయకుండా గంజి చేశాను. నైవేద్యం కాగానే ఒక గ్లాసు తీసుకుని మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను.

ఆయన చొక్కా వేసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. భార్య చేతిలో ఆసుపత్రి కాగితాలు. "ఒక్క గుక్క తాగప్పా, దీంట్లో ఉప్పే లేదు" అన్నాను. ఆయన నావైపు చూడనే లేదు.

భార్య అంది, "వద్దులే పెద్దాయనా. అంత నమ్మకంగా చెప్పిన అక్క చెయ్యే మంటెట్టింది. ఇంగ ఎవురి చెయ్యి నమ్మేది? యాడికి పోయినా నోరు ఇట్లే ఉంటాది. సచ్చేదేందో ఇంటికాడ సస్తాడు."

గ్లాసు కింద పెట్టి ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాను. "అక్క చెయ్యి కాదు. నా చెయ్యి" అన్నాను. "అక్క వేసిన ఉప్పు మూడు వేళ్ళ చిటికెడు. ఆ యమ్మ పక్కకు పోయినప్పుడు సగం పిడికిలి నేను వేసినా. ఎవురికీ చెప్పలేదు."

గదిలో పదిహేను మంది ఉంటారు. మేస్త్రీ భార్య అర్థం కానట్టు చూసింది. "ఎందుకేసినావప్పా? మేము నీకేం చేసినాము?"

దానికి పెద్ద పెద్ద జవాబులు ఏవో వెతుక్కున్నాను. పొరపాటు అనొచ్చు, మతిమరుపు అనొచ్చు, వయసు అయిపోయింది అనొచ్చు. "మీరేం చేయలేదు తల్లీ. అందరూ అక్క గంజి అక్క గంజి అంటా ఉంటే ఓర్వలేకపోయినా. కుళ్ళు" అన్నాను. అరవై ఆరేళ్ళ మనిషి పదిహేను మంది ముందు ఆ మాట అనడం ఎలా ఉంటుందో మీకు ఎప్పుడూ తెలియకుండా ఉండాలని కోరుకుంటాను.

మేస్త్రీ నన్ను చూశాడు. మొదటిసారి సరిగ్గా చూశాడు. తర్వాత నా వెనక ఎవరినో చూశాడు. తిరిగితే, తడి చేతులతో ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నది.

నన్ను కొడుతుందనుకున్నాను. కనీసం తిడుతుందనుకున్నాను. ఆమె దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగింది. "నేను ఏసింది నువ్వు కండ్లారా చూసినావా?"

"చూసినా. మూడు వేళ్ళ చిటికెడు."

"ఒక్క తూరేనా?"

"ఒక్క తూరే."

"అయితే నా చెయ్యి తప్పలేదు" అంది. నాతో కాదు, మేస్త్రీతో కాదు. అరచెయ్యి గుండె మీద పెట్టుకుని, "మా ఆయన గూడా…" అని ఆగిపోయింది. కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని, నేను కింద పెట్టిన గ్లాసు తీసి, మణికట్టు మీద చుక్క వేసుకుని చూసింది. చల్లారిపోయిందని గొణిగి, వంటశాలలోకి వెళ్ళి మళ్ళీ గోరువెచ్చగా చేసుకుని తెచ్చింది. మేస్త్రీ ముందు కూర్చుని, చెంచాతో కొంచెం తీసి పట్టుకుని ఊరికే ఆగింది. తాగమని ఒక్క మాట కూడా అనలేదు.

ఆయన సంచి ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టాడు. నోరు కొంచెం తెరిచాడు. ఒక చెంచా దిగడానికి ఎంతసేపు పట్టిందో. కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు, ఇంకో చెంచా కోసం చూశాడు. గ్లాసు ఖాళీ అవ్వడానికి ముప్పావు గంట పట్టింది. భార్య ఆసుపత్రి కాగితాలు మడిచి రవికెలో పెట్టుకుని, నోరు నొక్కుకుని ఏడ్చింది.

ఇంత జరిగాక నా మనసు శుభ్రపడి ఉంటుందని మీరు అనుకుంటున్నారా? ఆ ముప్పావు గంటా నేను గోడకు ఆనుకుని చూస్తూ ఉన్నాను. ఆయన తాగుతున్నందుకు ప్రాణం లేచి వచ్చింది. ఆ సంతోషం వెనకాలే ఒక చిన్న మంట వచ్చింది. గంజి చేసింది నేనే కదా, వడకట్టింది నేనే కదా, మరి నా చేతితో తాగలేదే అని.

మేనేజరు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి, ఇంగ్లీషు మానేసి మాట్లాడాడు. అంటే నిజంగా కోపం వచ్చిందన్నమాట. నెల రోజులు గిన్నెలు తోమమన్నాడు. తోమాను. నెల అయ్యాక నన్ను అసలే వద్దనాలని అతని ఆలోచన. ఆమే వెళ్ళి అడ్డు చెప్పిందట. "ఆయన సాంబారు మాదిరి ఈ సత్రంలో ఎవురు చేస్తారు సార్? ఉండనీండి" అందట. క్షమించడంలో కూడా ఆమే నాకంటే ముందు నిలిచింది. అందుకు కూడా నాకు ఒళ్ళు మండింది.

మేస్త్రీకి మిగిలిన కరెంటు పూర్తయింది. పైపు అవసరం రాలేదు. వెళ్ళే రోజు బొంగురు గొంతుతో ఆమెను అక్కా అని పిలిచాడు, అది ఒక్కటే మాట. నా దగ్గరికి వచ్చి నా మోచెయ్యి ఒకసారి పట్టుకుని వదిలేశాడు. తర్వాత ఎలా ఉన్నాడో నాకు తెలియదు.

నేను మారిపోయానని రాస్తే మీకు చదవడానికి బాగుంటుంది. మారలేదు. ఇప్పటికీ ఆమె గ్లాసులు ఖాళీగా వస్తే నా కళ్ళు నా సాంబారు గిన్నె వైపు వెళతాయి. మనసును నేను ఏమీ చేయలేకపోయాను, చేతులను మాత్రం చేశాను. ఆమె గంజి దించే వేళకు నేను ఎక్కడ ఏ పనిలో ఉన్నా వదిలేసి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడతాను. కొత్తగా వచ్చిన పిల్లలు చూసి, నైవేద్యం ముందు అలా నిలబడటం ఇక్కడి ఆచారమనుకుని వాళ్ళూ కట్టుకుంటున్నారు. నేను వద్దనలేదు.

ఎందుకు కట్టుకుంటానో ఆమెకు ఒక్కదానికే తెలుసు. రోజూ వెనక్కి తిరక్కుండానే అడుగుతుంది, "ఏమప్పా, కట్టుకున్నావా?"

"కట్టుకున్నా అక్కా" అంటాను.

అప్పుడు గానీ ఉప్పు డబ్బా మూత తీయదు.